ఊపిరి తీసే చోటు

రామ రామ రామ, ఊపిరి, సీతారామ. రామ రామ రామ, ఊపిరి, సీతారామ. మూడో రామకీ సీతకీ మధ్యనున్న ఇరుకు సందులో సూరయ్య ఇంత గాలి గుటకేసి మళ్లీ అందుకుంటున్నాడు. ఆ సందులో చేతిలో తాళాలు మోగుతూనే ఉన్నాయి కాబట్టి నామం తెగినట్టు కాదు. తాళం మోగినంతసేపూ ఒక్క ఊపిరికి దోషం లేదురా, రెండో ఊపిరికి మాత్రం రాముడు లేచి కూర్చుంటాడు అనేవాడు గంగులు గురువు. గురువు పోయి ఇరవై ఏళ్లయింది. ఆ మాట మాత్రం ఈ రామమందిరం దూలాల మధ్య గబ్బిలంలా ఇంకా వేలాడుతూనే ఉంది. కరెంటు పోయి ఎంతసేపయిందో తెలీదు. మైకు మూగబోయింది. ఫ్యాను రెక్కలు మూడూ దండెం మీద ఆరేసిన ఎండుచేపల్లా కదలకుండా ఉన్నాయి. మధ్యలో అఖండదీపం, దాని చుట్టూ ఏళ్ల తరబడి పాదాలు తిరిగి తిరిగి నున్నబడ్డ గచ్చు, ఆ గచ్చు మీద అరవై ఒక్కేళ్ల సూరయ్య ఒక్కడే తిరుగుతున్నాడు. పొద్దుట సముద్రంలోంచి సూర్యుడు తల ఎత్తినప్పుడు ఎత్తుకున్న నామం ఇది, రేపు మళ్లీ ఆయన తల ఎత్తేదాకా దింపకూడదు. ఏకాహం అంటే అంతే. రామ రామ రామ. ఊళ్లో ఉన్న గొంతులన్నీ వంతులు వేసుకుని మోయాల్సిన బరువుని ఇప్పుడు ఒక్క గొంతు మోస్తోంది, అదీ పగుళ్లిచ్చిన గొంతు. సీతారామ.

ఇలా ఒంటరిగా పాడాల్సిన గంట కాదిది. రెండింటి నుంచి నాలుగింటి దాకా సొంత ఊరి జట్టు వంతు, పన్నెండుమంది, హార్మోనియం వినోద్‌ది. నిన్న రామతీర్థంలో భజన పోటీలకని అందరూ వ్యానెక్కి వెళ్లారు. మోకాళ్ల నొప్పితో అంత దూరం కూర్చోలేక సూరయ్య ఉండిపోయాడు. పన్నెండుకల్లా వచ్చేస్తామన్నారు. రెండింటికి ముందరి జట్టువాళ్లు, మీవాళ్లొచ్చేస్తున్నారు కదా పెద్దాయనా అని తాళాలు అతని చేతుల్లోకి మార్చి, బస్సు వేళయిందని చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. కాసేపటికి కమిటీ నరసింగరావు చెమటలు కక్కుతూ లోపలికొచ్చి చెవిలో అరిచాడు. "మావా, రణస్థలం కాడ టైరు పేలిపోనాదట. ఇంకో టైరుందిగానీ దానికీ గాలి నేదట. గంటో గంటన్నరో అవుతాది. నువ్వు మాత్రం ఒగ్గీకు!" సూరయ్య పాడుతూనే తాళాలు అతని వైపు చాపాడు. నరసింగరావు పాముని చూసినట్టు రెండడుగులు వెనక్కేశాడు. "నానా? నాను పొద్దున్నే ఇడ్డెన్లు తినీసినాను మావా, నాను ముట్టకూడదు. నానెల్లి ఎవుళ్లనైనా లాక్కొస్తాను." బండి చప్పుడు కొబ్బరితోటల వైపు వెళ్లి సన్నబడిపోయింది. ఎవరిని లాక్కొస్తాడు. వయసులో ఉన్న మగాళ్లు గుజరాత్ బోట్ల మీద ఉన్నారు. ఆడవాళ్ల జట్టు పొద్దుటే తమ వంతు పాడేసి, ఎంగిలి పడి, ఊరి ఆ చివర బడి ఆవరణలో రేపటి సంతర్పణకి గుమ్మడికాయలు తరుగుతోంది. తలస్నానం చేసి పస్తుండాలి, పస్తున్నవాడే తాళం పట్టాలి. రామ రామ రామ. ఇడ్డెన్లు తిన్నవాడి నోట రాముడు పలకనంటాడా అని ఒకసారి గురువునే అడిగాడు తను, చిన్నతనం. గురువు నవ్వి, రాముడు పలుకుతాడురా, వాడికే తేనుపు అడ్డొస్తాది అన్నాడు. సీతారామ.

పస్తున్న మనిషి ఒకడున్నాడు. మందిరం పడమటి గుమ్మంలోంచి చూస్తే రోడ్డు వార, బోర్లించిన పాత తెప్ప నీడలో, ఇటు వీపు పెట్టి వల అల్లుకుంటున్నాడు. పిలిస్తే వినిపించేంత దూరం. ఎర్రన్న. ప్రతి ఏకాహం నాడూ అక్కడే కూర్చుంటాడు, పొద్దుటి నుంచి మర్నాటి పొద్దుటి దాకా, లోపలికి రాడు, ఇటు తిరగడు. ఆరోజు మా మావ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు అని అతని కోడలు కూర్మమ్మ ప్రతి ఏడూ నూతి కాడ చెప్పుకునే మాట సూరయ్య చెవిన పడుతూనే ఉంది, పడ్డప్పుడల్లా బిందె గట్టిగా తోముకుంటున్నట్టు నటించాడు. పిలవడానికి లేదు. నామం పట్టినవాడి నోట నామం తప్ప ఇంకో మాట రాకూడదు, వస్తే అదే తెగడం. దీపం వదిలి గుమ్మం దాటకూడదు. పోనీ పిలవగలిగినా ఏమని పిలుస్తాడు. ఎర్రన్న మళ్లీ ఈ తాళాలు ముట్టకూడదని గురువు వేసిన కట్టు అలాగే ఉంది, గురువు పోయాడు గానీ కట్టు పోలేదు. దాన్ని విప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే మిగిలాడు, వాడి గొంతు ఇప్పుడు రామ రామ రామ అంటోంది, ఊపిరి, సీతారామ.

ఇద్దరినీ ఒకే రోజున చేర్చుకున్నాడు గురువు. సూరయ్యకి పదకొండు, ఎర్రన్నకి పన్నెండు. మొదటి ఏడాదంతా పాట లేదు, తాళాలే. రెండో ఏడాది మెడలోతు నీళ్లలో నిలబెట్టి నామం అనిపించేవాడు. అల వస్తుంది, ములగాలి, లేచాక ఎక్కడ ములిగామో అక్కడి అక్షరం నుంచే ఎత్తుకోవాలి. ఎర్రన్న ఎప్పుడూ సరిగ్గా ఎత్తుకునేవాడు. సూరయ్యకి ఉప్పునీళ్లు ముక్కులోకి పోయి సీత బదులు దగ్గొచ్చేది, గట్టు మీద గురువు తొడ కొట్టుకుని నవ్వేవాడు, "ఒరే సూరిగా, నీ రాముడికి జలుబు సేసినాదిరా!" అనేవాడు. ఊపిరి దొంగతనం అక్కడే నేర్పాడు. జట్టులో అందరూ ఒకే చోట ఊపిరి తీస్తే నామంలో గొయ్యి పడుతుంది. అందుకని ప్రతివాడికీ ఊపిరి చోటు ఒకటి ఉండాలి, పక్కవాడిది కాని చోటు. సూరయ్యా, నీది మూడో రామ తరవాత. ఎర్రన్నా, నీది వరస చివర, సీతారామ అయ్యాక. ఒకడు ఊపిరి తీసేటప్పుడు రెండోవాడు ఆ సందుని గొంతుతో పూడ్చాలి. అలా ఇద్దరూ పాడుతుంటే బయట కూర్చున్నవాళ్లకి ఊపిరి లేని మనిషెవడో పాడుతున్నట్టుండేది. ఆరేళ్లు అలా పాడారు. ఆరేళ్లలో సూరయ్య తన నోటితో మూడో రామ తరవాత వెంటనే సీత అన్నది లేదు, ఆ సీత ఎర్రన్నది, తను సగంలో వెళ్లి కలుసుకునేవాడు. ఎర్రన్నతో పాడటం మానేశాక వినోద్ నాన్న, ఆ తరవాత వినోద్, ఎవరెవరో పక్కన నిలబడ్డారు, మంచి గొంతులే, కానీ ఎవరూ సరిగ్గా ఆ సందులోకి రారు, కొంచెం ముందో కొంచెం వెనకో. పెళ్లయి ముప్పైనాలుగేళ్లు కాపురం చేసినా గున్నమ్మకి తన నడక తెలుసు గానీ ఊపిరి చోటు తెలీదు. అది ఎర్రన్నకే తెలుసు. రామ రామ రామ.

గొంతులో కుడిపక్క ఎక్కడో గీరుకుంటోంది. ఒక చెంచాడు తేనె, ఒక మిరియపు గింజ. గున్నమ్మ ఉంటే ఈపాటికి చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేది, లోపలికి రాదు, చెంబు గడప మీద పెట్టి, ఏటలా తిరిగేస్తన్నావు, కళ్లు తిరుగుతాయి అని రాముడికి కూడా వినపడేలా సణిగేది. పోయి మూడేళ్లయింది. ఆ ఇంట్లో ఇప్పుడు సణిగే మనిషి లేదు. తను కూనిరాగం తీస్తే గోడలు వింటాయి, అవి బాగుందనవు, బాగులేదనవు. గురువు ఒక్కోసారి నిశ్శబ్దం కూడా నామమే అనేవాడు. కాదు గురువుగారూ. మీకు భార్య ఉండగా పోయారు గనక అన్నారు. సీతారామ.

ఎదురునామం వరస అందరికీ వచ్చు. కళింగపట్నం నుంచి శృంగవరపుకోట దాకా ఏ ఏకాహంలోనైనా అర్ధరాత్రి దాటాక జట్టుకి నిద్రొస్తుంటే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. రెండు వరసలుగా నిలబడతారు. ఈ వరసవాళ్లు మూడో రామ దగ్గర ఉండగానే ఆ వరసవాళ్లు సీతారామ అని మీదకొచ్చేస్తారు, వాళ్లు ముగించకముందే వీళ్లు మళ్లీ రామ అంటారు, ఒకదాని మీదకి ఒకటి అలలొచ్చినట్టు. నిద్ర పారిపోతుంది. పోయినేడు విజయనగరం నుంచి అనూరాధ మేడమ్ వచ్చారు, సంగీతం చెప్తారట, తనలాంటివాళ్ల వరసలన్నీ పుస్తకం వేస్తారట. ఏడో క్లాసు చదివిన సూరయ్యకి స్వరాలు రాయడం రాదు, నోటుబుక్కులో గీతలు గీసుకుంటాడు, పైకి పోతే పైకి, కిందకొస్తే కిందకి, ఊపిరి చోట చుక్క. ఆవిడ ఆ గీతలు చూసి నవ్వలేదు, అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఈ రెండో గొంతు మీకెలా తట్టిందండీ? ఈ పక్క ఇలా కట్టినవాళ్లని నేను చూడలేదు" అన్నారు. సముద్రం కాడ తట్టిందమ్మా అన్నాడు. అబద్ధం కాదు. సగం. నిజంలో సగం చెప్తే ఎక్కువ పాపమా, అబద్ధం చెప్తే ఎక్కువ పాపమా. ఆ పుస్తకం అచ్చుకి ముందు కాగితాలు పోస్టులో వచ్చాయి, తప్పులుంటే దిద్ది పంపమన్నారు, దీపం పక్కన సంచిలోనే ఉన్నాయి. ఎదురునామం, వరస కట్టినది సూరయ్య. తప్పులుంటే దిద్ది పంపండి. వారం రోజులుగా ఆ కాగితం తీస్తున్నాడు, మడతపెడుతున్నాడు. రామ రామ రామ, ఈసారి ఊపిరి సగమే దొరికింది, సీత బొంగురుగా వచ్చింది.

అప్పుడూ ఇలాంటి మధ్యాహ్నమే. నలభైరెండేళ్ల కిందట, ఇదే నెల, ఇదే రెండు గంటల వంతు. ఆరోజు మాత్రం పడమటి గాలి, పొలాల మీంచి నిప్పులు మోసుకొచ్చి సముద్రంలో పారబోస్తోంది. గురువు నామం ఇద్దరికీ అప్పగించి పెరట్లోకి వెళ్లాడు. జట్టు జట్టంతా ఒడ్డుకి పరిగెత్తింది, చేప పడ్డాదని కేక. కవ్వళ్ల గుంపు వచ్చింది, అలివి వల వేశారు, రెండు తాళ్లు లాగడానికి ఊళ్లో చేతులన్నీ కావాలి. ఎర్రన్న తాళాల వంక, గుమ్మం వంక చూశాడు. వాళ్ల నాన్నకి భుజం విరిగి మూడు నెలలైంది, తాడు పట్టినవాడికే వాటా. "ఒరే, రెండు లాగులు లాగి వచ్చీస్తాను, పట్టుకుంటావా?" అన్నాడు. సూరయ్య పాడుతూనే తలూపాడు. తలూపాడు, అది తనకి గుర్తుంది. దీపం, తను, రామ రామ రామ. ఒడ్డు మీద రెండు తాళ్ల జట్లూ దూరదూరంగా నిలబడి లాగుతున్నాయి, ఒక జట్టు పదం అంటోంది, రెండో జట్టు అందుకుంటోంది, గాలికి ఎదురొచ్చి ఆ కేకలు ముక్కలు ముక్కలుగా మందిరంలోకి పడుతున్నాయి. దగ్గరి జట్టు కేక ముందు, దూరపు జట్టు కేక వెనక, ముందుది అయిపోకముందే వెనకది వచ్చి మీద పడుతోంది, దూరపు జట్టులో ఎత్తుకునేది ఎర్రన్న. ఆ గొంతు పైకి లేచి, విరిగి, ఒక చోట ఆగి, సరిగ్గా దగ్గరి జట్టు ఊపిరి తీసే సందులో వచ్చి కూర్చుంటోంది. రెండు పాటలు కాదు, ఒకటీ కాదు. ఇది నామం కావాలి, ఇది ఇలాగే నామం కావాలి అనుకున్నాడు. విన్నాడు. ఇంకోసారి వచ్చింది, విన్నాడు. ఎప్పుడు ఆగిపోయాడో తెలీదు. నోరాగింది, చేతులాగాయి. నాలుగు ఊపిరులో ఐదో. మందిరంలో దీపం వత్తి చిటపటమన్న చప్పుడు వినిపించి ఉలిక్కిపడ్డాడు. ఆ చప్పుడు పుట్టి బుద్ధెరిగి ఏకాహంలో ఎవరూ విని ఉండరు.

గురువు తడిచేతులతో పరిగెత్తుకొచ్చాడు. "ఎవుడ్రా? నామం తెంపినోడు ఎవుడ్రా?" అదే క్షణాన సముద్రం వైపు గుమ్మంలో ఎర్రన్న, నడుం దాకా తడిసి, కాళ్లకి ఇసకతో, రొప్పుతూ. గురువు చూపు ఆ ఇసక కాళ్ల మీద పడింది. అంతే, ఇక అడగలేదు. "సేప కోసం రాముణ్ని ఒగ్గీసినావురా! నీ సేతుల్తో ఇంక తాళం ముట్టీకు." ఎర్రన్న తన వంక చూశాడు. ఒక్కసారే. సూరయ్య వెంటనే రామ రామ రామ అని ఎత్తుకున్నాడు, గట్టిగా, తాళాలు పగిలేంత గట్టిగా. నామం పట్టినవాడి నోట వేరే మాట రాకూడదు కదా. ఎంత మంచి నియమం. ఆ నియమం చాటున ఆ పూట దాక్కున్నాడు, తరవాత ఆ వారం, తరవాత నలభైరెండేళ్లు. ఆ కార్తీకంలో పోటుకి ఒక తెప్ప తిరగబడి ఇద్దరు పోయారు. నామం తెగిన ఏడు మరి, ఊరికే పోతాదా అన్నారు ఊళ్లోవాళ్లు, అనేటప్పుడు ఎర్రన్న ఇంటి వైపు చూసేవాళ్లు. రాముడు అంత పగబడతాడా. కట్టుకున్నదాన్ని అడవికి పంపి తనే కుమిలినవాడు, నాలుగు ఊపిరుల కోసం ఇద్దరు పిల్లలున్నవాణ్ని ముంచుతాడా. సూరయ్య నమ్మలేదు. నమ్మలేదని కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు చలికాలంలో ఎదురునామం కట్టి గురువుకి వినిపించాడు. నామాన్ని రెండు చేశావేట్రా అని ముందు కసిరాడు, రెండోసారి విని కళ్లు మూసుకున్నాడు, మూడోసారికి సూరయ్య తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత బరువుందో.

గున్నమ్మకొక్కదానికే చెప్పాడు, పెద్ద కూతురు పుట్టిన ఏడు. అన్నం వడ్డిస్తోంది. గరిట ఆపి విన్నది. "అయితే ఎల్లి సెప్పీ. పది ఇళ్ల అవతలే కదా. సెప్పీసొచ్చి తిను, అన్నం సల్లారిపోతాది" అన్నది. అంత తేలిక ఆమెకి. వెళ్లాడు కూడా. ఎర్రన్న గుమ్మం దాకా వెళ్లి, నీళ్లున్నాయా అని అడిగి, తాగి, వచ్చేశాడు. గున్నమ్మ ముఖం చూసి అర్థం చేసుకుని చల్లారిన అన్నమే పెట్టింది. పోయే ముందు కూడా ఆసుపత్రి మంచం మీంచి, సెప్పినావా అంది. దేన్ని గురించో చెప్పక్కర్లేకపోయింది. రామ రామ రామ, ఊపిరి...

సీత రాలేదు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. తాళం కొట్టాడు, మళ్లీ ప్రయత్నించాడు, ...తారామ అని తోక మాత్రం బయటపడింది. కాళ్ల కింద గచ్చు మెల్లగా పడవలా ఊగింది. రామ రామ రామ. బండి చప్పుడు లేదు, వ్యాను చప్పుడు లేదు, సముద్రం మీంచి వచ్చే గాలి ఈ గుమ్మంలోంచి వచ్చి ఆ గుమ్మంలోంచి పోతోంది, దీపం వత్తి పడమరకి వాలి తెప్ప నీడ వైపు చూపిస్తోంది. ఇంకెన్ని వరసలు లాగగలడు. పది. ఎనిమిది. తరవాత తెగుతుంది, ఈసారి చూసేవాడెవడూ ఉండడు, ఈసారి మోయడానికి ఎర్రన్న లేడు, తనదే అవుతుంది, మొత్తానికి తనది తనకి చేరుతుంది. అది న్యాయమే కదా అనిపించింది. కాదు, నామం ఊరిది, తన పాపం కడుక్కోవడానికి ఊరి నామం తెంపుకుంటాడా. రామ రామ రామ. నడక ఆపాడు. పడమటి గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు, దీపం వీపుకి తగిలేంత దగ్గరగా. గుండెల్లో మిగిలిన గాలంతా కూడదీసి మాటలతో పిలవలేనివాణ్ని వరసతో పిలిచాడు, ఎదురునామం ఎత్తుకున్నాడు, మొదటి వరస. రామ, రామ, రామ. అక్కడ ఆపేశాడు. సీత అనలేదు, అనడానికి ప్రయత్నించలేదు. ఆ సందుని తెరిచి పెట్టాడు, తలుపు తెరిచి పక్కకి జరిగినట్టు. చేతులు మాత్రం మోగిస్తున్నాయి. ఒక్క ఊపిరికి దోషం లేదు.

తెప్ప నీడలో వల అల్లే చెయ్యి ఆగింది. అంతే. సందు అయిపోయింది. సూరయ్య మళ్లీ ఎత్తుకున్నాడు, గొంతు చీలికలు పేలికలై వచ్చింది. రామ, రామ, రామ. ఆగాడు. తాళం. తాళం.

సీతారామ.

వీపు తిప్పలేదు ఎర్రన్న. కూర్చున్నచోటే, సముద్రం వైపు చూడకుండా, వల ఒళ్లోనే పెట్టుకుని అన్నాడు. ముసలిగొంతు, తుప్పు పట్టిన కప్పీలా కిర్రుమంది, కానీ వచ్చి కూర్చున్న చోటు అదే, వెంట్రుకవాసి ముందు కాదు, వెంట్రుకవాసి వెనక కాదు. నలభైరెండేళ్ల తరవాత సూరయ్య నిండా ఊపిరి తీసుకున్నాడు. రామ రామ రామ అన్నాడు. సీతారామ అంది తెప్ప నీడ. నాలుగో వరసకి ఎర్రన్న లేచాడు. ఐదో వరసకి రోడ్డు దాటాడు. కుళాయి కింద కాళ్లు కడుక్కుంటూ కూడా తన వంతు తప్పలేదు. గడప దగ్గర ఆగాడు. తెల్లబడ్డ పెదాలు, పొద్దుట పెట్టుకున్న బొట్టు చెమటకి కారిపోయి ముక్కు మీదకి వచ్చింది. లోపలికి రానా అని అడగలేదు, అడగడానికి నోరు ఖాళీ లేదు. సూరయ్య కుడిచేతిలో తాళపు చిప్ప చాపాడు.

తాళాలు మార్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఒక చిప్ప ఇస్తారు, ఒకటి ఇతని చేతిలో, ఒకటి అతని చేతిలో, రెండు దెబ్బలు ఇద్దరి చేతులూ కలిసి వేస్తాయి, తరవాత రెండోది. ఎర్రన్న ఆ చిప్ప వంక చూశాడు, పుచ్చుకున్నాడు. మొదటి దెబ్బ. రెండో దెబ్బ. సూరయ్య రెండో చిప్ప వదిలాడు. నామం ఎర్రన్న చేతుల్లోకి వెళ్లిపోయింది. వరస మొత్తం అతనే అంటున్నాడు ఇప్పుడు, రామ రామ రామ సీతారామ, వరస చివర ఊపిరి.

ఇక సూరయ్య నోరు ఖాళీ. ఇక ఏ నియమమూ అడ్డం లేదు. ఎర్రన్న పక్కనే దీపం చుట్టూ నడుస్తూ, గొంతులో మిగిలిన జీరతో చెప్పాడు. "ఒరే ఎర్రన్నా. ఆ దినం నామం తెంపింది నువ్వు కాదురా. నాను. ఒడ్డు కాడి నీ కేక వింటా ఆగిపోనాను. గురువడిగితే నోరు మెదపనేదు. ఎదురునామం కూడా నీ కేకేరా, నాను కట్టింది కాదు."

ఎర్రన్న ఆపలేదు. ఆపకూడదు. తిట్టడానికి లేదు, అవునని అనడానికి లేదు, కళ్లు దీపం మీదే ఉన్నాయి. ఒక్క తాళం దెబ్బ మాత్రం తప్పింది. ఒక్కటే. తరవాతి దెబ్బ సరిగ్గానే పడింది.

సూరయ్య సంచి తీసుకుని బయటికొచ్చాడు. కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు నడిచాడు, రోడ్డు దాటి, తెప్ప నీడలో, ఎర్రన్న కూర్చున్న చోటే కూలబడ్డాడు. ఇసకలో ఆ మనిషి కూర్చున్న గుంట ఇంకా వెచ్చగా ఉంది. సంచిలోంచి కాగితం తీసి, పెన్నుకోసం జేబు తడుముకుంటుంటే వ్యాను వచ్చి ఆగింది. హార్మోనియం పెట్టె నెత్తిన పెట్టుకుని వినోద్ దూకాడు, మిగిలినవాళ్లు లుంగీలు సర్దుకుంటూ కుళాయి వైపు పరిగెత్తారు. "మావా, నువ్విక్కడున్నావేటి? మరి లోపల ఎవుళ్లు పాడతన్నారు?"

"ఎదురునామం కట్టినోడు."

"ఎండ కొట్టినాదేటి మావా! కట్టినోడివి నువ్వే కదా."

"నీ పెన్నుంటే ఇలాగియ్యి. ఇచ్చి, ఎల్లి ఎనకాల నిలబడండి. తాళాలు మాత్రం అడక్కండి. ఆయన ఇస్తే పుచ్చుకోండి."

వాళ్లు వెళ్లారు. తన పేరు మీద అడ్డంగా గీత గీశాడు, పక్కన ఎర్రన్న అని రాశాడు, అక్షరాలు వంకరగా వచ్చాయి. ఈ గీతకి ఆ నలభైరెండేళ్లూ చెరుగుతాయా, చెరగవు, తెలుసు. రాశాక మాత్రం ఏం చెయ్యాలో తోచక విన్నాడు. తాళాలు ఎవరూ అడిగినట్టు లేదు, ఎర్రన్న గొంతే ముందుంది, పిల్లలు వెనక అందుకుంటున్నారు. తను కట్టానని ఊరంతా తిరిగిన పాటని బయట కూర్చుని వినడం ఇదే మొదలు. ఎప్పుడూ లోపలే ఉన్నాడు, నడిపిస్తూ. మైకు లేకపోయినా గాలికి ప్రతి అక్షరం ఇక్కడికి వస్తోంది. అక్షరమే కాదు, వరస చివర ఎర్రన్న ఊపిరి తీసే చప్పుడు కూడా వస్తోంది. అలాగే తన ఊపిరీ వచ్చి ఉంటుంది, ఇన్నేళ్లూ, తను ఎక్కడ ఆయాసపడ్డాడో, ఎక్కడ నీరసపడ్డాడో, గున్నమ్మ పోయిన ఏడు ఎక్కడ గొంతు పూడుకుపోయిందో, అన్నీ. గాలి వాలున కూర్చున్నవాడికి నామం ఎంత స్పష్టంగా తెలుస్తుందో, ఆగితే ఆగడమూ అంతే స్పష్టంగా తెలుస్తుంది.

ఆ తలపు దగ్గర సూరయ్య చెయ్యి ఇసకలో ఆగిపోయింది. ఆరోజు పడమటి గాలి. మందిరంలోంచి ఒడ్డుకి కొట్టిన గాలి. ఎర్రన్న గుమ్మంలోకి వచ్చేసరికి వల ఇంకా నీళ్లలోనే ఉంది, చీకటి పడే వేళకి గానీ ఒడ్డెక్కలేదు, ఆ పూట ఎర్రన్న ఇంటికి వాటా వెళ్లలేదు. వాళ్ల అమ్మ తిట్టిన తిట్లు వీధంతా విన్నది, తనూ విన్నాడు. చేప కోసం వెళ్లినవాడు వల రాకముందే తాడొదిలి అంత రొప్పుతూ ఎందుకు పరిగెత్తుకొచ్చాడు. ఏం వినిపించి వచ్చాడు. ఏం వినిపించక వచ్చాడు. గురువు ముందు తన వంక చూసిన ఆ ఒక్క చూపులో ఉన్నది అడగడం కాదు, తెలిసిపోవడం.

లోపల వరస ముగిసింది. ఎర్రన్న ఊపిరి తీశాడు, తాళం మోగింది, మళ్లీ ఎత్తుకున్నాడు. తాళాలు ఇంకొకరి చేతికిచ్చేదాకా ఆ నోటికి ఖాళీ ఉండదు. తెప్పకి వీపు ఆనించి, మందిరం వైపు తిరిగి, సూరయ్య అక్కడే కూర్చున్నాడు, అతను బయటికి వచ్చి మొదటి మాట అనేదాకా.